1964 మస్టాంగ్ అనేదే లేదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను మిషిగన్‌లో డెట్రాయిట్ పక్కన కాంటన్‌లో ఉంటా. మీ ఆదివారం అనుబంధం ఫోన్‌లోనే చదువుతా, పోయిన వారం పాత అమెరికన్ కార్ల మీద క్విజ్ వేశారు కదా, బాగుంది, తెలుగులో ఇలాంటివి వేసేవాళ్లే తక్కువ. కానీ గుంటూరులో ఉన్న మా బావమరిది ఆ పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టి "బావా పందెం ఓడిపోయావ్" అన్నాడు, దాంతో ఈ ఉత్తరం రాయక తప్పట్లేదు.

ఫోర్డ్ కంపెనీ కారు మస్టాంగ్ మొదటి మోడల్ ఏ సంవత్సరం అనే ప్రశ్నకి 1964 అని జవాబు వేశారు. కారు జనం ముందుకొచ్చింది 1964 ఏప్రిల్ 17న, న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో, అందులో తేడా లేదు. కానీ 1964 మోడల్ మస్టాంగ్ అనేది ఒక్కటి కూడా లేదు, ఏప్రిల్‌లో అమ్మినవి కూడా 1965 మోడల్ లెక్కే, ఛాసిస్ నంబర్ 5తో (అంటే 65) మొదలయ్యేది అందుకే. ఇక్కడి కార్ల పిచ్చోళ్లు మాత్రం ఆ మొదటి కొన్ని నెలల బండ్లని "అరవై నాలుగున్నర" అంటారు, కంపెనీ పెట్టిన పేరు కాదది, వీళ్ల వాడుక. అన్నీ 65 అయినప్పుడు మళ్లీ ఆ అర ఏంటి అని నాకూ చాలా రోజులు అర్థం కాలేదు.

అర్థమయ్యేలా చేసింది ఒక ముసలాయన. ఎండాకాలం శనివారం పొద్దున్నే ఇక్కడ ఏదో ఒక షాపుల ముందు పార్కింగ్‌లో పాత కార్లు వరసగా పెట్టి, బానెట్లు ఎత్తి, పక్కన మడత కుర్చీలు వేసుకుని కూర్చుంటారు, ఎవరు ఆగి అడిగినా గంట తక్కువ కాకుండా చెప్తారు. ఈయన మాత్రం మాట్లాడకుండా ఇంజిన్ పక్కన పొడుగ్గా డబ్బాలా ఉన్నదాన్ని చూపించి ఇదేంటో చెప్పు అన్నాడు. చూడగానే నవ్వొచ్చింది, డైనమో! మా నాన్న పాత అంబాసిడర్‌కి ఉండేది అదే. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ మెల్లగా తిరుగుద్ది, డైనమో కరెంటు సరిగ్గా ఇవ్వదు, హెడ్‌లైట్లు కొండెక్కబోయే దీపాల్లా అయిపోయేవి, నాన్న గేర్ న్యూట్రల్‌లో పెట్టి రేజ్ చేస్తుంటే వెనకవాడు హారన్ కొట్టేవాడు. మొదటి మస్టాంగ్‌లకీ డైనమోనే పెట్టారు, 1964 ఆగస్టులో ఇంజిన్ మెల్లగా తిరిగినా కరెంటు సరిగ్గా ఇచ్చే ఆల్టర్నేటర్‌కి మారారు, దానికి ముందు డైనమోతో వచ్చినవే ఆ అరవై నాలుగున్నర బండ్లు, అర కథ అక్కడుంది. డాష్‌బోర్డు మీద చార్జింగ్ లైటు కూడా చూపించాడు, ఆయన బండిలో "జెన్" (జనరేటర్, అంటే డైనమో) అని రాసుంది, తర్వాత వచ్చినవాటిలో "ఆల్ట్" (ఆల్టర్నేటర్) అని ఉంటుంది. డైనమో పీకేసి ఆల్టర్నేటర్ బిగించుకున్నవాళ్లు బోలెడుమంది కాబట్టి దానొక్కదాన్నీ నమ్మకూడదట, డోరు మీద ప్లేటులో తయారీ తేదీ కూడా చూడాలట.

అసలు మస్టాంగ్ మీద మీరు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. సీరియల్ నంబర్ వరసలో మొట్టమొదటిది, తెల్ల కన్వర్టిబుల్ (పైకప్పు మడిచేసే రకం), అమ్మడానికి కాదు చూపించడానికి పంపిన బండి, కెనడాలో న్యూఫౌండ్‌లాండ్‌లో ఒక డీలర్ దాన్ని విడుదల కాకముందే ఒక పైలట్‌కి అమ్మేశాడు! వెనక్కి ఇవ్వమంటే ఆయన ఇవ్వలేదు, హాయిగా తిప్పుకున్నాడు. చివరికి 1966లో పది లక్షల మస్టాంగ్‌లు పూర్తయినప్పుడు కొత్త బండి ఇచ్చి పాతది తీసుకున్నారు. ఇప్పుడు డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది, ఊర్నుంచి ఎవరొచ్చినా నేను తీసుకెళ్లి చూపిస్తా, వాళ్లకి ఇష్టం ఉన్నా లేకపోయినా.

రెండో తప్పు చిన్నదే. ఫోర్డ్ వాళ్లదే పాత కారు మోడల్ టి నలుపులో మాత్రమే దొరికేది అన్నారు. ఆ కారు 1908 నుంచి 1927 దాకా నడిచింది, నలుపు ఒక్కటే అన్నది 1914 నుంచి 1925 వరకే, మొదట్లో ఆకుపచ్చ, ఎరుపు, బూడిద రంగుల్లో వచ్చేవి, ఆఖర్లో మళ్లీ రంగులు తెచ్చారు.

ఇంకో క్విజ్ వేస్తే 1957 షెవర్లే బెల్ ఎయిర్‌కి పెట్రోల్ ఎక్కడ పోస్తారు అని అడగండి. నన్నూ ఇదే అడిగి ఆడించారు, నేను డిక్కీ పక్కన చూశా, నంబర్ ప్లేటు వెనక చూశా, కింద వంగి చూశా, లేదు. ఎడమవైపు తోక రెక్క చివర మెరిసే క్రోమ్ పట్టీ ఉంటుంది చూడండి, అది తలుపులా తెరుచుకుంటుంది, దాని వెనక ఉంది మూత! పక్కనున్నవాళ్లు నా మొహం చూడ్డానికే అడిగినట్టున్నారు. షెవర్లే స్పోర్ట్స్ కారు కార్వెట్ ఉంది కదా, 1983 మోడల్‌వి ఎన్ని అమ్ముడుపోయాయి అన్నది కూడా వేయొచ్చు, జవాబు సున్నా, టెస్టింగ్‌కి 43 చేశారు కానీ ఒక్కటీ అమ్మలేదు, మిగిలిన ఒకే ఒక్కటి కెంటకీలో బౌలింగ్ గ్రీన్ మ్యూజియంలో ఉంది.

సవరణ వేస్తే మాత్రం దయచేసి 1965 అని పెద్ద అంకెల్లో, ప్రింట్ ఎడిషన్‌లో కూడా వేయండి. పందెం రెండు కిలోల గోంగూర పచ్చడి, మీ పేపర్లో పడితే గానీ పంపనంటున్నాడు మా బావమరిది.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
కాంటన్, మిషిగన్