బీపీ మాత్రలు నెలకు సరిపడా ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొట్టమొదట అమలైన మూడు జిల్లాల్లో మా అనంతపురం ఒకటి. గుండె ఆపరేషన్ అంటే చేను అమ్ముకోవాల్సిందేనన్న భయం నుంచి ఎన్నో కుటుంబాలను గట్టెక్కించిన ఆ పథకం మేలును ఈ జిల్లా వాళ్లం మరువలేం. పేరు ఎన్‌టీఆర్ వైద్య సేవగా మారినా, ప్రధానంగా అది అక్కరకొచ్చేది మనిషి ఆసుపత్రి మంచం ఎక్కిన తర్వాతే. ఆ మంచం ఎక్కకుండా కాపాడే బీపీ, షుగరు మాత్రల మీద అంత శ్రద్ధ లేకపోవడమే నా ఆవేదన.

మా నాన్న వేరుశనగ రైతు. నిరుడు ఒక ప్రభుత్వ వైద్య కేంద్రంలో బీపీ ఉందని తేల్చి, స్ట్రిప్పును కత్తెరతో కత్తిరించి పది ఆమ్లోడిపిన్ మాత్రలు ఇచ్చారు. అవి అయిపోయేసరికి చెనిక్కాయ పెరికే రోజులు వచ్చాయి. కూలీలు దొరకడమే గగనమైన ఆ సమయంలో చేను వదిలి వెళ్లలేకపోయారు; తీరిక చేసుకొని వెళ్లిన రోజున స్టాకు లేదన్నారు. అందుకే తర్వాత ఇచ్చిన పది మాత్రలను, ఎక్కువ రోజులు రావాలని, సగానికి విరిచి వేసుకుంటూ వచ్చారు. ఆయన కుడి చేయి, కాలు పడిపోయిన రోజున చొక్కా జేబులో కాగితం పొట్లం దొరికింది. అందులో ఇంకా మూడు అర మాత్రలు ఉన్నాయి. బీపీ అదుపు తప్పడం వల్లే పక్షవాతం వచ్చిందని వైద్యులు చెప్పారు.

బీపీకి నొప్పి ఉండదు కాబట్టి, ఒంట్లో బాగానే ఉందనుకొని మాత్ర మానేసేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అలా అదుపు తప్పిన బీపీ మెదడునే కాదు, గుండెను, మూత్రపిండాలను కూడా దెబ్బతీస్తుంది. డయాలసిస్ రోగికి ప్రభుత్వం నెలకు 10 వేల రూపాయల పింఛను ఇస్తోంది, తప్పక ఇవ్వాలి. కానీ వారానికి రెండు మూడుసార్లు, సారికి నాలుగు గంటల చొప్పున యంత్రానికి అతుక్కుపోయే ఆ స్థితి చాలామందికి రాకుండా చూడగలిగేవి ఈ చవక మాత్రలే కదా! 30 ఏళ్లు దాటిన వారందరికీ బీపీ, షుగరు పరీక్షలు చేయాలన్న జాతీయ కార్యక్రమం మంచిదే. అయితే పరీక్షలో జబ్బు బయటపడిన మనిషికి మాత్ర తెగకుండా అందితేనే ఆశా కార్యకర్తల శ్రమకు ఫలితం ఉంటుంది.

కాబట్టి ప్రతి రోగికీ కనీసం 30 రోజుల మాత్రలు, పేరు, గడువు తేదీ కనిపించేలా పూర్తి స్ట్రిప్పులుగా ఇవ్వాలి. పంట పోయి బెంగళూరుకు వలస వెళ్లే కూలీలకు మూడు నెలలకు సరిపడా ఇచ్చి, ఏ మాత్ర ఎంత మోతాదులో వాడుతున్నారో చీటీ మీద తెలుగులో రాసివ్వాలి. 104 వాహనం ఊళ్లోకి వచ్చే వేళకు జనమంతా చేలల్లో ఉంటారు. పంట పనుల కాలంలోనైనా విలేజ్ క్లినిక్కులను పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ తెరిచి ఉంచాలి. వేరుశనగ నూర్పిళ్లు ముగిసి వలసలు మొదలయ్యేలోపే జిల్లా వైద్య, ఆరోగ్య శాఖ ఈ మేరకు ఆదేశాలు ఇవ్వాలని కోరుతున్నాను.

— ఒక రైతు కుమార్తె, కల్యాణదుర్గం, అనంతపురం జిల్లా