ఒక్క యూరిన్ రిపోర్టు చూసి కిడ్నీ జబ్బని ముద్ర వేయనివ్వకండి

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

హైదరాబాద్ బస్తీ దవాఖానాల్లో పేదలకు పరీక్షలు ఉచితంగా జరుగుతున్నాయి, సంతోషం. నా విన్నపం ఆ రిపోర్టు కాగితం గురించి.

యూరిన్‌లో పట్టీ ముంచి రంగు చూసే పరీక్షలో ప్రోటీన్ 'వన్ ప్లస్' (అంటే కొద్దిగా ఉందని) వస్తే చాలు, కిడ్నీలు పోయాయని ఇంటిల్లిపాదికీ టెన్షన్. మా మేనల్లుడు మే నెల ఎండలో, నీళ్లు కూడా సరిగా తాగకుండా డెలివరీలు చేసి, మధ్యాహ్నం వెళ్లి కొత్త ఉద్యోగం కోసం శాంపిల్ ఇచ్చాడు. వన్ ప్లస్ వచ్చింది. ఆ సంస్థవాళ్లు రెండోసారి పరీక్ష చేయించకుండానే వద్దన్నారు. తర్వాత పొద్దున్నే ఇచ్చిన శాంపిల్‌లో ఏమీ లేదు. ఉద్యోగం మాత్రం వేరొకరికి వెళ్లిపోయింది.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మూత్రంలోనూ ప్రోటీన్ ఉంటుంది. పెద్దవాళ్లలో రోజుకు 150 మిల్లీగ్రాముల లోపు మామూలే. జ్వరం వచ్చినా, ఒళ్లు అలిసేలా పని చేసినా పెరుగుతుంది. నీళ్లు తక్కువ తాగితే మూత్రం చిక్కబడి, పట్టీ మీద రంగు ముదురుతుంది.

పోనీ, తిండీ దినచర్యా అన్నీ అదుపులో ఉంటే? మాస్కోలో, అంగారక యాత్ర ఎలా ఉంటుందో భూమి మీదే చూసిన మార్స్-500 ప్రయోగం కోసం 2010 జూన్ నుంచి 2011 నవంబర్ దాకా ఆరుగురు ఆరోగ్యవంతులు 520 రోజులు మూసిన గదుల్లోనే గడిపారు. వాళ్ల మూత్రంలో ప్రతిసారీ కనిపించిన ప్రోటీన్లు కొన్నే, మిగతావి వస్తూ పోతూ ఉన్నాయి. అది పట్టీ పరీక్ష కాదు, ఒక్కో ప్రోటీన్‌నూ విడిగా వెతికే సున్నితమైన యంత్రాలతో చేసిన పని. అయినా, అంత కట్టుదిట్టంగా బతికినవాళ్లలోనే ఇంత తేడా ఉంటే, ఎల్‌బీ నగర్ నుంచి మియాపూర్ దాకా బండి నడిపే కుర్రాడిని ఒక్క శాంపిల్‌తో ఎలా తూస్తాం?

అందుకే, ప్రోటీన్ కనిపించిన ప్రతి రిపోర్టు కింద తెలుగులో, ఉర్దూలో ఈ మాట అచ్చు వేయించండి: "పొద్దున లేవగానే వచ్చే మూత్రంతో అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష చేయించుకోండి." అల్బుమిన్ ఒక ప్రోటీన్, క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే వ్యర్థం; ఒకదానితో ఒకటి పోల్చి చూస్తారు కాబట్టి మూత్రం చిక్కగా ఉన్నా పలచగా ఉన్నా వచ్చే తేడాను ఆ నిష్పత్తి చాలావరకు సరిచేస్తుంది. అది గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాములు దాటి, మూడు నెలల తర్వాత కూడా అలాగే ఉంటే అప్పుడు కిడ్నీ జబ్బు మాట. అలాగని ప్రోటీన్ కనిపించిన రిపోర్టును ఎవరూ నిర్లక్ష్యం చేయకూడదు. షుగర్, బీపీ ఉన్నవాళ్లకు ఈ పరీక్ష ఏటా బస్తీ దవాఖానాలోనే అందాలి.

ఒక్క పరీక్షతో ఉద్యోగం నిరాకరించకూడదని కంపెనీలకూ ఉత్తర్వు ఇవ్వండి. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ మన ఊళ్లోనే ఉన్నాయి. మన ఎండలో, మన తిండితో ఆరోగ్యవంతుల్లో ఈ ప్రోటీన్లు ఎంత మారతాయో కొలవమని వాళ్లను అడగండి, అందుకు డబ్బివ్వండి.

ఇట్లు,
హైదరాబాద్ పౌరురాలు