1800 నంబర్లకి ఫోన్ చేసేటప్పుడు

అందరికీ నమస్కారం. నిన్న నరసన్నపేట నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసి "1800 నంబరు కలవడం లేదురా" అంది. చూస్తే ముందు +91 ఉంది. 1800 ముందు సున్నా గానీ, +91 గానీ వద్దు. ఉన్నది ఉన్నట్టు కొట్టండి.

ఈ కాల్ ఖర్చు ఆ నంబరు పెట్టుకున్న సంస్థదే. 1860 మాత్రం అలా కాదు, డబ్బులు మనకే పడతాయి. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పోయినేడు అరగంట లైన్లో ఉండి నా బ్యాలెన్సంతా అయిపోయింది.

రైతులు రాసి పెట్టుకోవాల్సింది కిసాన్ కాల్ సెంటర్: 1800 180 1551. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా, తెలుగులోనే చెబుతారు. వరికి ఆకుముడత వచ్చిందని అడిగేముందు విత్తనం రకం, ఊడ్చిన తేదీ, ఏ మందు ఎంత కొట్టారో దగ్గర పెట్టుకోండి. "ఒకటి నొక్కండి" అన్నప్పుడు ఫోన్ చెవి నుంచి తీసి, కీప్యాడ్ తెరిచి నొక్కాలి. చాలామంది అక్కడే ఆగిపోతున్నారు.

గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలకి 1800 సాధారణంగా కలవదు, సంస్థ మామూలు నంబరు ఇవ్వండి.

బ్యాంకు నంబరు గూగుల్లో వెతకొద్దు, ఏటీఎం కార్డు వెనకే ఉంటుంది. ఓటీపీ చెప్పి డబ్బు పోతే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.