భోగి పొగ, ద్రవ ఆక్సిజన్

సంపాదకులకు నమస్కారం.

భోగి దగ్గరపడుతోంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. విజయనగరం జిల్లాలో ఒక కర్మాగారంలోని ఆక్సిజన్ ప్లాంటులో 26 ఏళ్లు షిఫ్ట్ ఆపరేటర్‌గా చేశాను. భోగి తెల్లవారుజామున డ్యూటీ పడిందంటే టెన్షనే. ఊళ్లలో మంటల్లో దుంగలతో పాటు పాత టైర్లూ వేసేస్తారు. ఆ పొగంతా మా కంప్రెసర్ పీల్చే గాలిలోకే వచ్చేది.

గాలిని చల్లబరిచి మైనస్ 183 డిగ్రీల దగ్గర ఆక్సిజన్‌ను ద్రవంగా వేరు చేస్తాం. ముందే మాలిక్యులర్ సీవ్ (గాలిని వడగట్టే జల్లెడ లాంటి పదార్థం) చాలా మలినాల్ని పట్టేస్తుంది కానీ ప్రొపేన్ లాంటి మండే హైడ్రోకార్బన్లు కొంత జారిపోతాయి. ఆక్సిజన్ ఆవిరవుతున్నకొద్దీ అవి అడుగున పేరుకుంటాయి. మోతాదు మించితే పేలుడే. 1997 డిసెంబరు 25న మలేసియాలోని బింటులులో ఒక ప్లాంటు ఇలాగే పేలింది. గాలిలో కమ్ముకున్న అడవి మంటల పొగే దానికి మూలం.

ఒక భోగినాడు ఉదయం ఆరింటికి శాంపిల్ పట్టి, గాజు ఫ్లాస్కును ట్యూబ్‌లైటుకి ఎదురుగా పెట్టి చూశాను. లేత నీలం ద్రవంలో తెల్లటి నలుసులు తేలుతున్నాయి. అవి పేలే మలినాలేమోనని భయం. ల్యాబ్ అతను సెలవులో ఉన్నాడు. మరొకరు వచ్చి రిపోర్టు ఇచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. అందాకా అడుగు ద్రవాన్ని కొంచెం కొంచెంగా డ్రెయిన్ చేస్తూ వాల్వు దగ్గరే నిలబడ్డాను. చివరికి అది గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడే. ఆ ఏడు గంటలూ మాత్రం అదేమిటో మాకెవరికీ తెలియదు.

పైగా శాంపిల్‌ను ఆవిరి చేసేటప్పుడు ఆక్సిజన్ ముందు పోయి, బరువైన హైడ్రోకార్బన్లు గొట్టంలోనే ఉండిపోవచ్చు. అప్పుడు రిపోర్టులో అంకె తక్కువ కనిపిస్తుంది.

ఇప్పుడు ద్రవంలోంచే కాంతిని పంపి చూసే సెన్సర్లున్నాయి. 3.4 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని ఆక్సిజన్ దాదాపు వదిలేస్తుంది, హైడ్రోకార్బన్లు పీల్చుకుంటాయి. ఎంత కాంతి తగ్గిందో చూస్తే ఎంత మలినం ఉందో అప్పటికప్పుడే తెలుస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌ని 4.3 మైక్రాన్ల దగ్గర విడిగా గుర్తుపట్టొచ్చు. ఆ రోజు నాకు కావలసిందల్లా ఆ తేడా ఒక్కటే.

ల్యాబ్ పరీక్ష తీసేయమని నేననడం లేదు. ఇలాంటి సెన్సర్ కూడా ఉందా అని ఫ్యాక్టరీల శాఖవారు మన జిల్లాల్లోని ఆక్సిజన్ ప్లాంట్లను తనిఖీల్లో అడగాలి. యాజమాన్యాలు ఖర్చు గురించి మాట్లాడే ముందు, భోగి ఉదయం ఆ వాల్వు దగ్గర ఒక్క షిఫ్టు నిలబడి చూడాలని నా మనవి.

విశ్రాంత ఆక్సిజన్ ప్లాంటు ఆపరేటర్,
బొబ్బిలి