పేరు వేసుకోని ఎడిటర్

తార్తు,
మే నెలాఖరు, రాత్రి పదకొండు

ఒరేయ్ బావా,

పోయిన ఆదివారం ఫోన్లో నువ్వన్న మాట నా బుర్రలోంచి పోవడం లేదు. "పదకొండేళ్ళ నుంచి కంట్రిబ్యూటర్ల కాపీ దిద్దుతున్నాను, హెడ్డింగులు పెడుతున్నాను, సగం వార్తలు మొదటి అక్షరం నుంచి నేనే తిరగరాస్తున్నాను, ఒక్కసారైనా నా పేరు అచ్చులో పడలేదురా" అన్నావు. ఆ పూట నాకేం చెప్పాలో తోచలేదు. ఇంతలో నీకు పేజీ టైమైందని పెట్టేశావు. ఈ ఉత్తరం ఆ మాటకి జవాబు అనుకో.

ముందు ఇక్కడి, అంటే ఈ ఎస్తోనియా దేశపు సంగతి ఒకటి చెప్పాలి. ఇది వేసవి మొదలు. రాత్రి పదిన్నరకి కూడా పూర్తిగా చీకటి పడదు. భోజనమయ్యాక మా ఇంటి ఓనరమ్మ, నేను ఏటి ఒడ్డున నడుస్తుంటాం. ఏటి పేరు ఎమయోగి. 'ఎమ' అంటే అమ్మ, 'యోగి' అంటే నది. మొన్న అలాగే నడుస్తుంటే ఒక పొదలోంచి పిట్ట కూత మొదలైంది. ముందు రెండు మూడు పొడుగాటి ఈలలు, తర్వాత గులకరాళ్ళు ఒకదానికొకటి తగిలినట్టు టకటకా చప్పుడు, క్షణం ఆగి మళ్ళీ ఈల. అంత చిన్న గొంతు ఏరు దాటి అవతలి ఒడ్డుదాకా వినబడుతోంది. పిట్టేమో కనబడదు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపి, ఆకుల సందులోకి వేలు చూపించింది. అప్పుడు కనబడింది, పిచ్చుక కంటే కాస్త పెద్దది, మట్టిరంగు. అదే నైటింగేల్. మన దగ్గర ఈ పిట్ట కూయదు కాబట్టి మనం దాన్ని కోకిల చేసేశాం. సరోజినీ నాయుడు 'భారత కోకిల' అయింది అలాగే కదా. ఇక్కడివాళ్ళకీ ఒక నైటింగేల్ ఉందిరా. లిడియా కోయిదులా అనే కవయిత్రి. ఆవిడ సంగతి నీకు చెప్పాలనే కూర్చున్నాను.

ఆవిడ 1843లో వాంద్రా అనే పల్లెటూళ్ళో పుట్టింది, యాన్సెన్ గారి పెద్దమ్మాయి. తండ్రి చర్చిలో పాటలు పాడించేవాడు, బడిపంతులు. ఆ రోజుల్లో ఎస్తోనియా రష్యా జారు ఏలుబడిలో ఉండేది, కానీ భూములు, చర్చి, చదువు అన్నీ జర్మన్ దొరల చేతుల్లో. ఎస్తోనియన్ అంటే పాలేళ్ళ భాష. ఆ భాష మాట్లాడేవాళ్ళు తమని తాము 'నేల జనం' అనుకునేవాళ్ళు తప్ప ఒక జాతి పేరుతో పిలుచుకునే అలవాటు లేదు. నాలుగు అక్షరాలు నేర్చినవాడు జర్మన్‌లోకి మారిపోయేవాడు. యాన్సెన్ ఇంట్లో కూడా ఎక్కువగా జర్మనే మాట్లాడుకునేవాళ్ళు, లిడియా చదివిందీ పార్ను ఊళ్ళో జర్మన్ ఆడపిల్లల బడిలోనే.

అలాంటి ఇంట్లోంచి 1857లో ఆ తండ్రి ఎస్తోనియన్‌లో ఒక వారపత్రిక మొదలుపెట్టాడు. పేరు 'పెర్నో పోస్తిమేస్'. మొదటి సంచికలో మొదటి పలకరింపు ఏంటో తెలుసా? "నమస్కారం, ప్రియమైన ఎస్తోనియా ప్రజలారా" అని. నేల జనం అనలేదు. ఆ ఒక్క వాక్యాన్ని ఇక్కడి పిల్లలు ఇప్పటికీ బళ్ళో చదువుతారు. అప్పటికి లిడియాకి పదమూడేళ్ళు. తండ్రి పక్కన కూర్చుని పని మొదలుపెట్టింది.

ఇక్కణ్ణుంచి నీ కథేరా బావా. ఇంటిల్లిపాదీ తార్తుకి మకాం మార్చారు. 1864లో 'ఎస్తి పోస్తిమేస్' మొదలైంది. మాస్ట్‌హెడ్ మీద, అంటే పత్రిక పేరుండే చోట, తండ్రి పేరు. లోపల పని చాలావరకు కూతురిది. జర్మన్ పత్రికల్లోంచి వార్తలు ఎత్తి ఎస్తోనియన్‌లో రాయడం, సీరియల్ కథలు అనువదించడం, ఉత్తరాలకి జవాబులివ్వడం, వచ్చిన రాతల్ని సరిచేయడం. ఇరవై దాటిన అమ్మాయి వారం వారం ఒక పత్రికని భుజాన మోసింది. ఆ కాలంలో ఆడపిల్ల పేపర్లకి రాయడమే వింత, కాబట్టి పేరు వేసే ప్రసక్తే లేదు. నువ్వు రాత్రి రెండింటికి పేజీ పంపేసి టీ తాగడానికి బయటికొస్తావే, ఆ మొహం నాకు తెలుసు. ఆవిడ గురించి చదువుతున్నంతసేపూ ఆ మొహమే గుర్తొచ్చింది.

పత్రిక ఒక్కటే కాదు, మొదటి కవితల పుస్తకం 1866లో వచ్చింది, దాని మీద కూడా పేరు లేదు. అందులో ఎక్కువ భాగం జర్మన్ పాటలకి అనుసరణలే. ఆ మరుసటేడు రెండోది, 'ఎమయోగి నైటింగేల్'. దాని మీదా పేరు లేదు. కానీ ఇది ఆవిడ సొంత గొంతు. మాతృభూమి, మాతృభాష, ఊరి వాకిలి, అమ్మ. దొరల భాషలో పెరిగిన పిల్ల పాలేళ్ళ భాషలో అంత తియ్యగా రాయడం చూసి జనం అది తమ కోసమే రాసిందనుకున్నారు. మరి 'కోయిదులా' అన్న పేరెలా వచ్చిందంటావా? 'కోయిత్' అంటే తెల్లవారుజాము. యాకొబ్సన్ అనే పంతులు తన బడి వాచకంలో ఆవిడ కవితలు వేస్తూ ఆ పేరు పెట్టాడు. అంటే ఆవిడ పేరు కూడా ఆవిడ పెట్టుకున్నది కాదు, అచ్చు వేసినవాడు పెట్టింది! అదే దేశమంతా నిలిచింది.

మా ఓనరమ్మ దగ్గర ఒక పాత వంద క్రూన్ల నోటు ఉంది. 2011లో యూరో వచ్చాక చెల్లదు, కానీ ఆవిడ దాన్ని వంటల పుస్తకంలో దాచుకుంది. మొన్న తీసి నా చేతిలో పెట్టింది. మడత పడ్డచోట కాగితం పల్చబడి వెలుతురు కనబడుతోంది. ముందువైపు కోయిదులా మొహం, గట్టిగా మూసుకున్న పెదాలు. వెనకవైపు సముద్రపు కెరటాలు రాతి ఒడ్డుకి కొట్టుకుంటూ. అయిదు వందల నోటు మీద యాకొబ్సన్ ఉండేవాడట. పేరు పెట్టినవాడు, పెట్టించుకున్నావిడ ఒకే పర్సులో ఉండేవాళ్ళన్నమాట. ఓనరమ్మకి తన జీతం మొదటిసారి చేతికొచ్చిన రోజు నుంచి ఈ మొహం తెలుసట.

1869లో తార్తులో మొట్టమొదటి పాటల పండగ జరిగింది. ఈ ప్రాంతంలో వెట్టి రైతుల విడుదలకి అప్పటికి యాభై ఏళ్ళు. యాన్సెన్ ముందుండి నడిపించాడు. ఎనిమిది వందల మందికి పైగా గాయకులు, అందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళ గొంతుకి అక్కడ చోటు లేదు. కానీ వాళ్ళు పాడిన ఎస్తోనియన్ పాటల్లో రెండు కోయిదులా రాసినవి. ఒకదాని పేరు 'నిన్నే మరణందాకా', రెండోది 'నా మాతృభూమే నా ప్రేమ'. ఆ రెండోదాని కథ మళ్ళీ చెప్తాను. మరుసటేడు 'సారెమా దాయాది' అని చిన్న నాటకం రాసి వానెముయినె అనే పాటల సంఘం చేత ఆడించింది. అదీ జర్మన్ నాటకానికి అనుసరణే, అయినా ఎస్తోనియన్ నాటకరంగం ఆ రోజే పుట్టిందంటారు. ఆ సంఘమే ఇప్పుడు ఊళ్ళో పెద్ద థియేటరు. నేను రోజూ దాని ముందు నుంచే ఆఫీసుకి వెళ్తాను.

ఇంకొకటి. క్రోయిట్స్‌వాల్డ్ అని వోరు ఊళ్ళో ఒక ముసలి డాక్టరు ఉండేవాడు, ఈ దేశపు ఇతిహాసకావ్యం 'కలెవిపోయెగ్' కూర్చినవాడు. ఆవిడకంటే నలభై ఏళ్ళు పెద్ద. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసుకున్నారు. విచిత్రం ఏంటంటే ఎస్తోనియన్ సాహిత్యానికి పునాది వేసిన ఆ ఇద్దరూ ఉత్తరాలు రాసుకున్నది జర్మన్‌లో. మనమిద్దరం తెలుగులో రాసుకుంటున్నాం, అదెంత సుఖమో ఆ సంగతి చదివాకే నాకు తెలిసింది.

1873లో ఎడువార్డ్ మిఖెల్సన్ అనే సైనిక డాక్టర్ని పెళ్ళి చేసుకుని రష్యాకి వెళ్ళిపోయింది. పీటర్స్‌బర్గ్ ఎదురుగా సముద్రంలో దీవి, దాని మీద నావికాదళం కోట ఉన్న ఊరు, క్రోన్‌స్టాట్. తార్తు లేదు, పత్రిక లేదు, ఎస్తోనియన్ మాట్లాడే వీధి లేదు. అక్కడ పిల్లల్ని పెంచుకుంటూ, మధ్యలో భర్తతో కొన్నాళ్ళు వియన్నా అవీ తిరిగి, మిగిలిన పదమూడేళ్ళూ ఇంటి మీద బెంగతోనే రాసింది. 1886 ఆగస్టులో రొమ్ము కేన్సర్‌తో పోయింది. నలభై రెండేళ్ళు. చివరి రోజుల్లో రాసిన ఒక కవిత పేరే 'చావుకి ముందు, ఎస్తోనియాకి'. ఇంటికి ఇన్ని వేల మైళ్ళ దూరంలో కూర్చుని ఆ పేరు చదివితే నాకు గొంతు పట్టేసింది.

ఇప్పుడు ఆ పాట సంగతి. 1944లో ఎర్నెసాక్స్ అనే సంగీతకర్త 'నా మాతృభూమే నా ప్రేమ'కి కొత్త వరస కట్టాడు. 1947 పండగలో పాడారు. దేశం అప్పుడు సోవియట్ల కింద ఉంది. జాతీయగీతం పాడితే నేరం. కాబట్టి ఈ పాటే జనానికి జాతీయగీతం అయిపోయింది. అది పసిగట్టి తర్వాత కార్యక్రమంలోంచి తీసేశారు. 1960 పండగలో, లిస్టులో లేని ఆ పాటని జనం వాళ్ళంతట వాళ్ళే ఎత్తుకున్నారు. ఆపేవాళ్ళు ఆపలేకపోయారు. మా ఓనరమ్మ వాళ్ళమ్మ ఆ మైదానంలో ఉందట. "ఎవరు మొదలుపెట్టారో తెలీదు, పక్కావిడ నోరు కదలడం చూసి నేనూ అందుకున్నాను" అనేదట. రాసి అప్పటికి తొంభై ఏళ్ళు దాటిన మాటలు బావా అవి!

చనిపోయిన అరవై ఏళ్ళకి, 1946లో, కోయిదులాని క్రోన్‌స్టాట్ నుంచి రాజధాని తాలిన్‌కి తెచ్చి అడవి శ్మశానంలో మళ్ళీ పూడ్చారు. పోయిన నెల పని మీద తాలిన్ వెళ్ళినప్పుడు చూసొచ్చాను. పొడుగాటి పైన్ చెట్లు, కింద మెత్తగా ఎండిన సూదులాంటి ఆకులు. ఎవరో చిన్న దీపం పెట్టి వెళ్ళారు. గాలికి ఆరిపోయి ఉంటే అగ్గిపెట్టె అడిగి వెలిగించాను. చలికి రెండుసార్లు పుల్ల ఆరిపోయింది, మూడోసారి అంటుకుంది.

సరే, ఇక నీ వంతు. ఈ వారం పేపర్లో నువ్వు తిరగరాసిన వార్తల్లో నీకు నచ్చినదొకటి తీసుకుని, నువ్వు రాసిన వాక్యాల కింద ఎర్ర పెన్నుతో గీత గీసి ఫోటో పంపు. హెడ్డింగు నీదైతే దాని చుట్టూ సున్నా చుట్టు. నేను ప్రింటు తీసి ఇక్కడ నా బల్ల ముందు గోడకి అంటిస్తాను. ఓనరమ్మకి చదివి వినిపించి అర్థం కూడా చెప్తాను, ఆవిడ ఇప్పటికే నీ గురించి అడుగుతోంది.

అమ్మగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? చెల్లి పరీక్షలయ్యాయా? పిట్ట మళ్ళీ మొదలుపెట్టింది, కిటికీ తీస్తున్నాను.

ఉంటాను రా,
నీ పాత రూమ్మేటు