జూన్‌లో రండి, అందరూ ఉంటారు

ఎడిటర్ గారికి,

మాది శ్రీకాకుళం జిల్లా గార మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంటాను. మొన్న చలికాలంలో ఒక రాత్రి, పదిన్నర దాటాక, బోదకాలు సర్వే వాళ్లు మా వీధికి వచ్చారు. చేతిలో టార్చిలైటు, గాజు పలకల పెట్టె. ఎదురింటి వదిన తలుపే తీయలేదు. "నాకేం వాపు లేదు, పగలు రాకూడదా?" అని లోపలి నుంచే కేకేసింది. వచ్చిన కుర్రాడు ఇంకో మాట లేకుండా పక్కింటికి పోయాడు.

రెండు ముక్కలు చెప్పి ఉంటే తీసేదే. బోదకాలు తెచ్చే ఈ ఫైలేరియా పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల్లోని రక్తనాళాల్లో ఉండి, రాత్రి పది నుంచి రెండు గంటల మధ్య చర్మం దగ్గరి రక్తంలోకి ఎక్కువగా వస్తాయి. మురుగునీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టేదీ రాత్రిపూటే. అందుకే ఆ వేళకే వేలికొన పొడిచి రక్తం తీస్తారు.

మా అమ్మ వల్ల నాకీ సంగతులు తెలిశాయి. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగిన మనిషి. ఎడమ కాలికి బోద వచ్చాక ఏ చెప్పూ పట్టలేదు. రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా నా జాకెట్ల మెత్తటి పీలికలతోనే తుడిచేదాన్ని. అంత వాపున్నా ఆవిడ రక్తంలో పురుగు కనబడలేదు. బోద ముదిరాక చాలామందికి అంతేనట. ఏ వాపూ లేకుండా తిరిగేవాళ్ల రక్తంలోనే అవి ఎక్కువగా దొరుకుతాయని డాక్టరమ్మ చెప్పారు. అంటే మా వదినలాంటి వాళ్ల రక్తమే ముందు చూడాలన్నమాట!

అసలు నా బాధ వేరే. ఆ రాత్రి మా వీధిలో రక్తం ఇచ్చింది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. వయసులో ఉన్న మగవాళ్లు గుజరాత్‌లో, వీరావల్ బోట్ల మీద ఉన్నారు. ఆగస్టు ప్రాంతంలో వెళ్లినవాళ్లు ఎండాకాలం దాకా రారు. బోదకాలు మాత్రలు పంచేటప్పుడూ చాలామంది ఊళ్లో ఉండరు. (ఉన్నవాళ్లు మింగుతారనీ కాదు. ఆ డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు మా వీధి కిటికీ గూళ్లలో ఎన్ని ఉన్నాయో!) నూటికి ఒకరి కంటే తక్కువ మందిలో పురుగు ఉందని లెక్క తేలితే, తర్వాత చిన్నపిల్లలకు పరీక్ష చేసి, అందులోనూ తగ్గిందని తేలాక మాత్రలు ఆపుతారట. సగం ఊరు లేనప్పుడు తీసిన లెక్క మీద అంత పెద్ద నిర్ణయం ఎలా తీసుకుంటారు?

మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా. జూన్ మొదటి రెండు వారాలు రెండు చోట్లా బోట్లు ఒడ్డునే ఉంటాయి, వీరావల్ వాళ్లు కూడా ఇంటికి చేరతారు. మా రేవు ఊళ్లలో ఇంకోసారి అప్పుడు రావచ్చు కదా. ముందురోజు చాటింపు వేయించండి, రాత్రే ఎందుకో ఆ చాటింపులోనే చెప్పించండి.

ఇంకొకటి. ఆ రాత్రి నేనూ రక్తం ఇచ్చాను. ఫలితం ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. పురుగు లేదనుకుంటే ఆ ఒక్క మాటా చెప్పొచ్చు. వీధిలో నన్ను అడిగేవాళ్లకు ఏం చెప్పను?

జూన్‌లో వస్తే ఎదురింటి తలుపు నేనే కొడతాను.

ఇట్లు,
కుట్టుపని చేసుకునే ఒక పాఠకురాలు,
గార మండలం, శ్రీకాకుళం జిల్లా