ఎర్ర బురదలో ప్రాణం లేదనకండి

సంపాదకుల వారికి,

ఒడిశాలోని దామన్‌జోడి, లాంజిగఢ్, కాశీపూర్ ప్రాంతాల్లో బాక్సైట్ ఖనిజం నుంచి అల్యూమినా (అల్యూమినియానికి ముడిసరుకు) తీశాక మిగిలే ఎర్ర బురదలో ‘ఏ జీవీ బతకదు’ అన్న మాట తరచూ వినిపిస్తోంది. అది సరికాదు. అల్యూమినా తీయడానికి వాడే కాస్టిక్ సోడా వల్ల దాని పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 తటస్థం, అంతకు మించితే క్షారం) 10 నుంచి 13 దాకా ఉంటుంది, నిజమే. అయినా క్షారాన్ని ఇష్టపడే బ్యాక్టీరియా, అందులోనూ బాసిల్లస్ రకాలు, అక్కడ ఉంటాయి. సోడియాన్ని బయటికి తోసి హైడ్రోజన్ అయాన్లను లోపలికి తీసుకుంటూ, కణం లోపలి పీహెచ్‌ను బయటికంటే బాగా తక్కువగా ఉంచుకుంటాయి.

ల్యాబ్‌లో అవి కనబడకపోవడానికి కారణం తరచూ పరీక్షలోనే ఉంటుంది. బ్యాక్టీరియాను పెంచడానికి వాడే మామూలు న్యూట్రియెంట్ అగర్ పీహెచ్ 7 దగ్గర ఉంటుంది. 10కి అలవాటుపడ్డవి దాని మీద సరిగా పెరగవు. వీటికి లీటరు నీటికి గ్లూకోజ్ 10, పెప్టోన్ 5, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 5, డైపొటాషియం ఫాస్ఫేట్ 1, మెగ్నీషియం సల్ఫేట్ 0.2, అగర్ 20 గ్రాములు కావాలి. సోడియం కార్బోనేట్ 10 గ్రాములను లీటరులోనే కొంత నీటిలో కరిగించి, విడిగా ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడి ఆవిరితో క్రిమిరహితం చేసి), చివర్లో కలపాలి. ముందే కలిపితే వేడికి గ్లూకోజ్ గోధుమరంగుకు తిరిగి చెడిపోతుంది. బురదలోని సూక్ష్మజీవుల శ్వాసను, అవి వదిలే కార్బన్ డయాక్సైడ్‌తో కొలిచేవారు ఇంకోటి గమనించాలి: ఆ వాయువును క్షార బురదే పీల్చేసుకుంటుంది, లెక్క తక్కువ వస్తుంది.

ఈ బ్యాక్టీరియాకు కరువు తిండికే. బురదలో సేంద్రియ కర్బనం, నత్రజని దాదాపు ఉండవు. వరిగడ్డి, పశువుల ఎరువు కలిపితే వాటిని కుళ్లబెట్టే క్రమంలో సేంద్రియ ఆమ్లాలు, కార్బన్ డయాక్సైడ్ పుట్టి పీహెచ్ దిగుతుంది. అంతకుముందు బురదను నీటితో కడిగి జిప్సం కలపాలి. జిప్సంలోని కాల్షియం, బురదలోని కార్బోనేట్‌ను అవక్షేపంగా దించుతుంది, మట్టిరేణువులకు అంటిన సోడియాన్ని వదిలిస్తుంది. కడిగిన మర్నాడు పీహెచ్ దిగిందని సంతోషిస్తే పొరపాటే. సోడలైట్ వంటి ఖనిజాలు క్షారాన్ని మెల్లగా వదులుతాయి, అది మళ్లీ పైకెక్కుతుంది. అందుకే నెలనెలా కొలవాలి, పీహెచ్‌తోపాటు ఈసీ (కరిగిన ఉప్పు ఎంతో తెలిపే విద్యుత్ వాహకత), సోడియం కూడా.

ఎర్ర బురదతో నిండిన చెరువుల మీద పలచగా మట్టి పోసి మొక్కలు నాటడం మాకు సమ్మతం కాదు. వేర్లు బురదకు తగలగానే మొక్కలు వాడిపోతాయి, వేసవిలో ఉప్పు పైకి పాకి తెల్లగా పొరకడుతుంది. ముందు గడ్డి నిలబడనివ్వండి. నాటిన మొక్కల సంఖ్య కాకుండా, ఈ కొలతల్ని బోర్డు మీద రాయమని సంబంధిత అధికారులను కోరుతున్నాం. బురద చెరువు గట్టు కాపలా మాత్రం ఎప్పుడూ సడలకూడదు. 2010 అక్టోబరు 4న హంగరీలో గట్టు తెగి బురద ఊళ్ల మీద పడితే 10 మంది చనిపోయారు.

— రసాయన, సూక్ష్మజీవ శాస్త్ర అధ్యాపకులు కొందరు, రాయగడ (ఒడిశా)